ళ తో మాట ఎందుకు మొదలవదు?

అక్షరాలు నేర్పే పుస్తకం ఏది తీసినా ఒకచోట పద్ధతి తప్పుతుంది. అ అంటే అమ్మ, క అంటే కలం, మ అంటే మల్లె అంటూ ఆ అక్షరంతోనే మొదలయ్యే మాటలు ఏరుకుంటూ వచ్చినవాళ్ళు, ణ దగ్గరికి వచ్చేసరికి వీణనో బాణాన్నో పట్టుకొస్తారు. ళ కింద తాళం బొమ్మ వేస్తారు. మాట మొదట్లో ఉండాల్సిన అక్షరం మధ్యలోకి జరిగిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. నిఘంటువులోనూ అంతే. ల కింద పేజీలకు పేజీలు, న కింద ఇంకా ఎక్కువ. ణ, ళ దగ్గర దాదాపు ఏమీ ఉండదు. ఙ, ఞ లతో కూడా మాటలు మొదలవవు కదా అంటే, వాటి సంగతి వేరు. అవి తమ వర్గపు హల్లుల పొరుగున తప్ప బతకలేనివి, సొంత కాపురం లేనివి. ణ, ళ అలాంటివి కావు. కల వేరు, కళ వేరు. ఒక్క ధ్వని మారితే నిద్రలో వచ్చేది నేర్చుకుంటే వచ్చేదవుతుంది. మాటల మధ్య అర్థాన్నే మార్చగల ధ్వని మాట మొదట్లో ఎందుకు చోటు సంపాదించుకోలేకపోయింది?

చటుక్కున తోచే జవాబు ఒకటుంది: మొదట్లోనే పలకాలంటే నోరు తిరగదు. ఈ జవాబు నిలవదు. ‘ళ’ అని విడిగా అనమంటే తెలుగువాళ్ళెవరైనా అనగలరు; బడిలో గుణింతం చదివేటప్పుడు ళ, ళా, ళి, ళీ అంటూ అంటున్నదే. పైగా కష్టం సంగతే చూస్తే మాట మధ్యలో పలకడమే ఎక్కువ కష్టం కావాలి. మామూలు వేగంతో మాట్లాడేటప్పుడు సెకనుకు పది పదిహేను ధ్వనులు దొర్లిపోతుంటాయి. ఆ ఒరవడిలో నాలుకను వెనక్కి మడిచి, అంగిలికి తాకించి, మళ్ళీ దించి, తర్వాతి అచ్చుకు సిద్ధం చేయాలి. మాట మొదట్లో అయితే అంత తొందర లేదు. గొంతు మోగకముందే నాలుకను తీరిగ్గా మడిచి పెట్టుకోవచ్చు. సులువైన చోట లేని ధ్వని కష్టమైన చోట ఉందంటే, అడ్డంకి నోటిలో లేదన్నమాట. అది చెవిలో ఉంది. ధ్వనిశాస్త్రం ఇటీవలి దశాబ్దాల్లో తేల్చిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి: ఏ ధ్వని ఎక్కడ ఉండాలో నిర్ణయించడంలో నాలుకకు ఎంత చేయి ఉందో, వినేవాడి చెవికీ అంతే ఉంది.

నాలుక ఏం చేస్తుంది?

ధ్వనులు నోట్లో ఎక్కడ పుడతాయో చెప్పడంలో మన దేశానికి చాలా పాత అనుభవం ఉంది. క నుంచి ప వరకు మన వర్ణమాల గొంతు నుంచి పెదవుల దాకా వరసగా నడిచి వస్తుంది. ఇంత క్రమమున్న అక్షరమాలలు ప్రపంచంలో అరుదు. వేదపాఠం చెడకుండా కాపాడుకోవడానికి పుట్టిన ప్రాతిశాఖ్యలు ట వర్గాన్ని వర్ణిస్తూ, నాలుక కొనను వెనక్కి చుట్టి మూర్ధం మీద, అంటే అంగిలి పైభాగం మీద తాకించాలని చెప్పాయి. ఎక్స్‌రే లేని కాలంలో ఈ వర్ణన ఎంత కచ్చితమైనదో 1983లో బయటపడింది. ధ్వనిశాస్త్రజ్ఞులు పీటర్ లాడెఫోగెడ్, మన పేరి భాస్కరరావు కలిసి హిందీ, తమిళం, తెలుగు మాట్లాడేవాళ్ళ నోళ్ళను ఎక్స్‌రే తీసి పోల్చారు. హిందీవాళ్ళు ట పలికేటప్పుడు నాలుక కొన పళ్ళ చిగురుకు కాస్త వెనక తాకి ఊరుకుంటోంది. తెలుగువాళ్ళూ తమిళులూ నాలుకను ఇంకా వెనక్కి మడిచి, దాని కింది వైపునే అంగిలికి ఆనిస్తున్నారు. రాతలో ఒకటే ట, నోట్లో రెండు రకాలు.

మన ప్రశ్నకు కావలసింది ఆ మడత ఒక్కటే కాదు, మడత విప్పుకునే తీరు కూడా. ‘అళ’ అని చాలా నెమ్మదిగా అని చూడండి. ‘అ’ ఇంకా మోగుతుండగానే నాలుక కొన లేచి వెనక్కి వెళ్ళడం మొదలవుతుంది. అంగిలికి తాకిన తర్వాత అక్కడే కుదురుగా ఉండదు, వంచి వదిలిన వెదురుబద్దలాగా ముందుకు జారుతుంది. రెండో ‘అ’ మొదలయ్యే సమయానికి దాదాపు ల పలికే చోటికే వచ్చేస్తుంది. అంటే ళ లోకి వెళ్ళే దారి ఒకటి, బయటికి వచ్చే దారి ఇంకొకటి. లోపలికి వెళ్ళేటప్పుడు వెనక్కి మడిచిన నాలుక. బయటికి వచ్చేటప్పుడు మడత విప్పేసిన నాలుక. క, ప లాంటి హల్లుల్లో ఇంత తేడా ఉండదు. వాటికి పోయిన దారీ వచ్చిన దారీ ఇంచుమించు ఒకటే.

పెట్టె: బిందె నిండే మోత

కుళాయి కింద బిందె పెట్టి పక్కగదిలో ఉన్నవాళ్ళు కూడా అది నిండబోతోందని చెప్పగలరు. నీళ్ళు పైకి వచ్చేకొద్దీ మోత సన్నబడుతుంది. నీటిపైన మిగిలిన గాలి గది చిన్నదవుతోంది, చిన్న గది హెచ్చు స్వరంలో మార్మోగుతుంది. మన నోరూ అలాంటి బిందే. గొంతులోని స్వరతంత్రులు మగవాళ్ళలో సెకనుకు వంద పైచిలుకు సార్లు, ఆడవాళ్ళలో రెండు వందల సార్ల చొప్పున కొట్టుకుంటూ ఒక ముతక మోత పుట్టిస్తాయి. అ అన్నా ఇ అన్నా ఆ మోత ఒకటే. దానికి రూపం ఇచ్చేది పైన ఉన్న గొట్టం, అంటే గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారి. మగవాళ్ళలో దీని పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. నోరు వదులుగా పెట్టుకుంటే ఈ గొట్టం సెకనుకు 500, 1500, 2500 కంపనాల దగ్గర గట్టిగా మార్మోగుతుంది. శాస్త్రజ్ఞులు వీటిని ఫార్మెంట్లు అంటారు. నాలుక కదిలితే గొట్టం ఆకారం మారి, మార్మోగే స్థాయిలు పైకీ కిందికీ జరుగుతాయి. మొదటి రెండూ ఏ అచ్చో చెబుతాయి. మూడోది మన కథలో నాయకుడు.

గుర్తు ముందే పడుతుంది

నాలుక కొన వెనక్కి మడిస్తే దాని ముందున్న చిన్న గాలి గది పెద్దదవుతుంది. మార్మోగే మూడో స్థాయి దిగిపోతుంది. 2500 దగ్గర ఉండాల్సింది 2000 వైపుకు, ఒక్కోసారి అంతకంటే కిందికి కూడా వస్తుంది. ట వర్గానికి చెవి పట్టుకునే ముఖ్యమైన గుర్తు ఇదే. 1940లలో బెల్ ప్రయోగశాలలో తయారైన స్పెక్ట్రోగ్రాఫ్ వచ్చాక ఇలాంటి గుర్తుల్ని కాగితం మీద కళ్ళతోనే చూడటం సాధ్యమైంది. ఇప్పుడైతే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రాత్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లో కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు. ‘కల’, ‘కళ’ రికార్డు చేసి పక్కపక్కన పెట్టి చూస్తే, కళలో మొదటి ‘అ’ చివరికొచ్చేసరికి మూడో గీత కిందికి వాలుతూ కనిపిస్తుంది. కలలో ఆ వాలు లేదు. హల్లు అయిపోయాక వచ్చే రెండో ‘అ’ లో మాత్రం రెండు బొమ్మలకూ తేడా చాలావరకు చెరిగిపోతుంది, ఎందుకంటే అప్పటికి నాలుక మడత విప్పేసింది.

అసలు కీలకం ఇక్కడుంది. ళ ను ళ గా గుర్తుపట్టించే సమాచారం చాలావరకు ళ లో లేదు, దాని ముందున్న అచ్చు తోకలో ఉంది. ళ మోగుతున్నంతసేపూ కొంత గుర్తు ఉండకపోదు గానీ అది మసక. నాలుక అంగిలికి అడ్డం పడి గాలిని పక్కల నుంచి పంపుతుంటే ధ్వని బలం తగ్గుతుంది. ణ సంగతి ఇంకా అన్యాయం. నోరు మూసుకుని ముక్కులోంచి వచ్చే ధ్వని అది. మ, న, ణ మూడూ లోపల ఇంచుమించు ఒకే మూలుగు. ఏది ఏదో చెప్పేవి అటూ ఇటూ ఉన్న అచ్చులే. ఇక మాటను ళ తోనో ణ తోనో మొదలుపెడితే ఏమవుతుంది? ముందు అచ్చు లేదు, నిశ్శబ్దం ఉంది. నాలుక వెనక్కి మడుచుకున్న సంగతి చీకట్లో జరిగిపోయింది, ఎవరూ వినలేదు. వినేవాడికి అందేది మడత విప్పుకున్న తర్వాతి సగం. అది ల కూ న కూ దగ్గరగా ఉంటుంది. చెప్పినవాడు శ్రమపడి ళ అన్నా విన్నవాడికి ల అనే చేరుతుంది. విన్నట్టే నేర్చుకుని మర్నాడు తానూ ల అంటాడు. ఇలా తరతరాలుగా జరిగితే ఆ చోట ఆ తేడాకు మనుగడ ఉండదు.

ట, డ ల మాటేమిటి?

ఈ వాదన సరైనదైతే టెంక, డబ్బు, డప్పు, టక్కరి ఎలా వచ్చాయని అడగవచ్చు. అడగాల్సిందే. ట, డ లు కూడా నాలుక మడిచి పలికేవేగా! తేడా ఏమిటంటే, ట పలికేటప్పుడు గాలి పూర్తిగా ఆగి, ఒక్కసారి చిట్లి బయటపడుతుంది. ఆ చిట్లుడుకు తనదైన రంగు ఉంటుంది. త చిట్లితే ఒకలాగా, ట చిట్లితే ఇంకోలాగా వినిపిస్తుంది. ముందు అచ్చు లేకపోయినా చెవికి ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. ళ, ణ లకు ఆ చిట్లుడు లేదు. ఒకదానికి గాలి పక్కల నుంచి, ఇంకోదానికి ముక్కు నుంచి పోతూనే ఉంటుంది. కాబట్టి మాట మొదట్లో ట, డ లు కుంటుతూనైనా నడవగలవు, ళ, ణ లు నిలబడలేవు. హిందీలో టోపీ, తోతా రెండూ ఉండి ణ తో మొదలయ్యే మాట లేకపోవడం ఈ లెక్కకు సరిపోతుంది.

ట, డ లు కూడా అక్కడ కులాసాగా లేవనడానికి చరిత్ర సాక్ష్యం చెబుతుంది. మూల ద్రావిడంలో మాటలు ట వర్గంతో మొదలయ్యేవి కావన్నది ద్రావిడ భాషాశాస్త్రంలో స్థిరపడిన విషయం. భద్రిరాజు కృష్ణమూర్తి పరిశోధనలు దాన్ని వివరంగా చూపించాయి. తెలుగులో ఇవి మాట మొదటికి చేరింది తర్వాతే. కొన్ని అరువొచ్చాయి, కొన్ని డబడబ, టకటక లాంటి అనుకరణ మాటలు, ఇంకొన్ని ముందున్న అచ్చు స్థానం మారడం వల్ల బయటపడ్డాయి. తమిళ అడంగుకు బంధువైన మాట తెలుగులో అచ్చు వెనక్కి జరిగి ‘డాగు’ అయింది. పాత తెలుగులో ఆ రూపం ఉంది. ఇవాళ మనం అనేది దాగు. కాపలాగా ఉన్న అచ్చు తప్పుకోగానే డ కాస్తా ద అయిపోయింది. దాక్కోవడం అనే అర్థమున్న మాటకే ఇలా జరగడం భాష చేసిన చమత్కారం.

ఉచ్చారణ, దృష్టి

ఒక్క ఖాళీని చూపించి సిద్ధాంతం కట్టడం ప్రమాదం. సిద్ధాంతం మంచిదైతే అది ఊహించని చోట కూడా పనిచేయాలి. సంధుల దగ్గర చూద్దాం. రెండు హల్లులు ఢీకొన్నప్పుడు సాధారణంగా రెండోదే నెగ్గుతుంది. సత్, జన కలిస్తే సజ్జన. ఉత్, చారణ కలిస్తే ఉచ్చారణ. మొదటి హల్లు తన స్థానం వదులుకుని రెండోదాని చోటికి పోతుంది. కారణం చెవికి సంబంధించిందే: మామూలు హల్లులకు బలమైన గుర్తు తర్వాతి అచ్చులోకి విడుదలయ్యేటప్పుడు ఉంటుంది. రెండోదాని గుర్తు స్పష్టం, మొదటిదానిది మసక, కాబట్టి మసకగా ఉన్నదే లొంగిపోతుంది. మరి ట వర్గం గుర్తు ముందు అచ్చులో ఉంటుందనుకున్నాం కదా, అది నిజమైతే మొదటి స్థానంలో ఉన్నా అది లొంగకూడదు. సరిగ్గా అలాగే జరుగుతుంది. ష కూడా ట వర్గంలాగే మూర్ధం దగ్గర పుట్టేది. ష తో ముగిసే ఇష్ కు త చేరితే ఇష్ట అవుతుంది. త యే ట గా మారింది గానీ ష మారలేదు. దృష్టి, సృష్టిలలోనూ ష పక్కన త యే ట అయింది, కృష్ణలో న యే ణ అయింది. ఉడ్డయనంలో రెండో స్థానంలో ఉన్న డ నెగ్గడం వింత కాదు, ఆ స్థానంలో ఎవరైనా నెగ్గుతారు. మొదటి స్థానంలో ఉండి కూడా నెగ్గడమే ట వర్గం ప్రత్యేకత. భాషాశాస్త్రజ్ఞురాలు డోంకా స్టెరియాడె 2001లో ఈ ఎదురునడకను చాలా భాషల నుంచి సేకరించి, వినికిడి ఆధారంగా వివరించారు.

సంస్కృతం దాకా పోనక్కర్లేదు. గుడికి బహువచనం గుళ్ళు, బండికి బళ్ళు, పండుకు పళ్ళు. చేరిన ప్రత్యయం ‘లు’, అందులో మడత లేదు. మొదట ఉన్న డ కు మడత ఉంది. రెండూ కలిసి ళ్ళ అయ్యాయి: గాలిని పక్కల నుంచి వదిలే గుణం రెండోదానిది, నాలుక మడత మొదటిదానిది. ‘బండ్లు’, ‘పండ్లు’ అనే ప్రాంతాల్లో రెండు ధ్వనులూ విడిగా నిలిచాయి. ళ్ళ గా కలిసిన చోట మాత్రం మడత పోవడం లేదు.

ఇంకా తేటగా కనిపించే సాక్ష్యం తెలుగు అరువు తెచ్చుకున్న మాటల్లో ఉంది. సంస్కృత కలా మనకు కళ, వేలా వేళ, ధూలి ధూళి, గల గళం, మంగల మంగళం. అన్ని మాటలూ మారలేదు. ఫలం, జలం, బలం అలాగే ఉన్నాయి. మారినవి ఎన్నైనా, మారిన ల ముందు అచ్చు ఉంది. లాభం ళాభం కాలేదు, లోకం ళోకం కాలేదు. మరాఠీలోనూ కాల, బాల, ఫల అనేవి ళ తెచ్చుకున్నాయి, మొదటి ల మాత్రం కదల్లేదు. ఋగ్వేద పాఠంలో కూడా డ, ళ గా మారేది రెండచ్చుల మధ్య పడినప్పుడే.

వారసత్వమా?

ఇదంతా పక్కపక్కనే కాపురం ఉన్న భారతీయ భాషల వ్యవహారం, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుని ఉంటాయి, దీనికి చెవిని ఎందుకు తేవాలి అనే అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. దీనికి జవాబు ఆస్ట్రేలియాలో దొరుకుతుంది. మన భాషలతో ఏ చుట్టరికమూ రుజువు కాని అక్కడి ఆదిమ భాషల్లో నాలుక కొనతో పలికేవి, మడిచి పలికేవి అని రెండు వరసలున్నాయి. మాట మధ్యలో ఆ తేడా అర్థాన్ని మారుస్తుంది. వాటిలో చాలా భాషల్లో మాట మొదట్లో మాత్రం ఆ తేడా లేదు, ఏదో ఒకటే పలుకుతారు. వేల మైళ్ళ దూరంలో, సంబంధం లేని మనుషులు అదే చోట అదే తేడాను వదులుకున్నారంటే వారసత్వం చాలదు. అక్కడి పశ్చిమ అరెర్న్ట భాషలో వినికిడి పరీక్షలు కూడా చేశారు. రికార్డింగులోంచి ముందు అచ్చును కత్తిరించి వినిపిస్తే, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళే తమ హల్లుల్ని గుర్తుపట్టడంలో తడబడ్డారు.

ఇంకో అభ్యంతరం ప్రాకృతం తెలిసినవాళ్ళది. జైనుల నమస్కార మంత్రం ‘ణమో’ తోనే మొదలవుతుంది కదా! నిజమే. కానీ న అన్నదల్లా ణ అయిపోయిన ప్రాకృత రూపం అది. న, ణ ల మధ్య తేడా చెప్పాల్సిన అవసరమే అక్కడ లేదు. వినేవాడు ణ ను న అనుకున్నా ఏ నష్టమూ లేదు, రెండూ ఒకే మాట. చెవి అడ్డం చెప్పేది ధ్వనికి కాదు, తేడాకు. మొదట్లో ణ ఉండవచ్చు, న కూడా ఉండవచ్చు, రెండూ ఉండి వేరువేరు అర్థాలు మోయడమే కుదరనిది.

అలవాటుపడిన చెవి

ఇంతవరకు చెవి అంటే అందరికీ ఒకటే అన్నట్టు మాట్లాడుకున్నాం. ఒకటే కాదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీ ట, త లు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా బాగానే పట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా అందలేదు. చెవి దెబ్బతినలేదు; ఇంట్లో ఎవరూ వాడని తేడాను మెదడు పక్కన పెట్టేసింది. ఇది ఒక లోపంగా కంటే పొదుపుగా చూడటం న్యాయం. ఇంగ్లీషు టీ ని మనం టీ అని రాసుకోవడంలో ఇదే పొదుపు ఉంది. ఆ ధ్వని మన త కాదు, ట కూడా కాదు, రెంటి మధ్య పళ్ళ చిగురు దగ్గర పుట్టేది. తెలుగు చెవిలో రెండే గదులున్నాయి. నాలుక కొనతో పలికేది కాబట్టి దాన్ని ట గదిలో పడేసింది.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే తెలుగు పిల్లలు పళ్ళను పల్లు అంటే తల్లిదండ్రులు నాలుక మడవమని నోరు తెరిచి చూపిస్తుంటారు. అవస్థ నాలుకది అయితే అది పనికొస్తుంది. చాలాసార్లు పిల్లలకు ఆ తేడా వినబడటమే లేదు. అక్షరాన్ని విడిగా ‘ళ, ళ’ అని పదిసార్లు అనిపించడం మరీ దండగ, ఎందుకంటే గుర్తు అన్నిటికంటే మసకగా ఉండే చోటు అదే. అళ, ఆళ, ఊళ అంటూ ముందు అచ్చును సాగదీసి, పక్కనే అల, ఆల, ఊల వినిపిస్తే చెవికి పట్టు దొరుకుతుంది. పాఠ్యపుస్తకం రాసినవాళ్ళు వేరే మాట దొరక్క తాళం బొమ్మ వేశారు. ఆ మాటలో ళ కు ముందు నిడుపైన ‘ఆ’ ఉంది, ళ కు అంతకంటే మంచి చోటు దొరకదు.